మిస్ లార్చ్ ఏమైంది?

రోజూ పొద్దున కొట్టు తలుపు తీయగానే సుధామణి పిన్ని రోడ్డు మీదికి వెళ్లి, తలెత్తి తన బోర్డు చదువుకుంటుంది. బర్మా అక్షరాల్లో ‘దో ఖిన్ సేన్, అద్దె పుస్తకాలు’ అని ఉంటుంది. అది ఆమె పేరే; పేరు ముందు మర్యాదకు ఆడవాళ్లకు ‘దో’, మగవాళ్లకు ‘ఊ’ చేరుస్తారు అక్కడ. బడిలో, గుర్తింపు కార్డులో ఖిన్ సేన్, ఇంట్లో సుధామణి. అక్షరాలు ఎక్కడికి పోతాయని నేను నవ్వేదాన్ని.

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. నాన్న చిమిండైంగ్ మార్కెట్ పక్కన ఈ కొట్టు పెట్టి, పోతూ ఆమెకు వదిలాడు. చాలా ఏళ్లు పెళ్లి ఊసు ఆమె ఎత్తలేదు. విక్టోరియా కాలపు నవలల్లో ఆడవాళ్ల గురించి నేను రాస్తున్న ఎం.ఏ. వ్యాసానికి పాత ఇంగ్లీషు పుస్తకాలు అక్కడే దొరికాయి. నాకు ఇచ్చే ముందు ప్రతిదీ తను చదివేది, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని.

ఒకరోజు అట్ట ఊడిన నవల నా ముందు పడేసింది.

“ఈ మిస్ లార్చ్ ఏటైపోనాది? మూడొందల పేజీలు పిల్ల బాగానే ఉంది. సర్చికెళ్లినారు. తిరగేస్తే మిసెస్ కోబర్న్ అని ఎవుత్తో టీ పోస్తంది. ఆ కోబర్న్ గాడు దీన్ని సంపేసినాడా?”

“ఇద్దరూ ఒకరే పిన్నీ. పెళ్లయింది, మొగుడి పేరు వచ్చింది.”

ఆమె నమ్మలేదు. బర్మా వాళ్లకు ఇంటిపేర్లు ఉండవు. పెళ్లయినా ఆడదాని పేరు ఆడదానిదే. “పేరు తీసీసినాక మనిషున్నట్టు రుజువేటి?” అంది. అప్పటి చట్టంలో భార్య ఆస్తి కూడా చాలావరకు భర్త చేతికే పోయేదని చెప్పాను.

“అదిగో! నే సెప్పలే? సంపడానికి కత్తే కావాలేటి?”

ఆ రోజుల్లోనే ఆంజనేయప్రసాద్ గారి సంబంధం నడుస్తోంది. ఆయన చౌక్తడాలో వకీలు దగ్గర గుమాస్తా, భార్య పోయి ఆరేళ్లు. ఆదివారం ఆయన వస్తాడంటే పిన్ని జడలో పూలు పెట్టుకునేది. ఆ నవల చదివాక ఆయన్ని చూసే చూపు మారింది.

“పెళ్లయితే బోర్డు మీద ఎవురి పేరుంటాది ప్రసాద్ గారూ?”

“నాదుంటే నీదున్నట్టే కదేటి!” ఆయన నవ్వాడు. “బోర్డు సూసి పుస్తకాలు సదువుతారేటి జనం?”

పిన్ని నవ్వలేదు. ఆయన వెళ్లాక, “కోర్టు మనిషి. పని ముందు సేసి, తరవాత అడుగుతాడు,” అంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బోర్డులు రాసే పోలయ్య దగ్గరికి నడిచింది. అక్కడ గోడకు ఆనించి, రంగు ఆరని కొత్త బోర్డు: ‘ఊ ప్రసాద్, అద్దె పుస్తకాలు’.

“పెళ్లి కానుకంట అమ్మా. నీకు సెప్పొద్దన్నాడు,” అని నసిగాడు పోలయ్య.

అది మోసమో, మురిపెమో నాకు ఈనాటికీ తెలియదు. పిన్ని ఎవరినీ అడగలేదు. రంగు ఆరేదాకా స్టూలు మీద కూర్చుని, బోర్డును రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం ఆయన వచ్చేసరికి అది కొట్టు లోపలి గోడకు అడ్డంగా బిగించి ఉంది, అక్షరాలు కిందికి. మీద పాత ఇంగ్లీషు నవలలు. ఆయన వంగి, మెడ తిప్పి తన పేరు చదువుకున్నాడు.

“ఇదేటి సుధామణీ?”

“అలమర. సెక్క మంచిది,” అంది పిన్ని. ఆ రోజు జడలో పూలు లేవు.

పిన్నికి ఇప్పుడు యాభై మూడేళ్లు, పెళ్లి చేసుకోలేదు. కొట్టు లైసెన్సు దో ఖిన్ సేన్ పేరు మీద ఉంది.