మా మేనల్లుడి కెప్టెన్సీ

మా బావకు క్షవరం చేయడం బాగానే వచ్చు, నోరు మూసుకోవడమే రాదు. కొడుకు రగ్బీ క్లబ్బులో చేరి వారం తిరక్కముందే, కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ మావాడు జట్టు కెప్టెన్ అని చెప్పేశాడు. మెడ మీద కత్తి ఉన్నవాడు కాదనలేడు కదా, అందరూ ఊ కొట్టేవారు. పక్క కుర్చీ దగ్గర పనిచేసే బావమరిదిని కాబట్టి నేనూ ఊ కొట్టేవాణ్ణి.

నిజానికి మా మేనల్లుడికి అప్పటికి బంతి పట్టుకోవడమే రాదు. పదిహేనేళ్ల వయసు, పుల్లల్లాంటి కాళ్లు. ఆ క్లబ్బులో కొత్తవాళ్ల పని మెత్తటి దిండొకటి పట్టుకుని నిలబడటం. మిగతావాళ్లు పరిగెత్తుకొచ్చి దాన్ని గుద్ది సాధన చేస్తారు. నాలుగు నెలలు వాడు గుద్దించుకున్నాడు. తోటివాళ్లు దిండుగాడని పేరు పెట్టారు. పగలు ప్లంబరుగా పైపులు బిగించుకునే కోచ్‌గారికైతే వీడి అసలు పేరే గుర్తుండేది కాదు. అయినా వాడు మానలేదు. ఒళ్లంతా కమిలిపోయి ఇంటికొచ్చి, గబగబా తినేసి పడుకునేవాడు. వాడి బాధల్లా తండ్రి కోతలే.

"మామయ్యా, నువ్వైనా నాన్నకి చెప్పు. షాపుకొచ్చేవాళ్ల పిల్లలు మా జట్టులోనే ఉన్నారు. నన్ను చూసి నవ్వుతున్నారు" అన్నాడొకరోజు. సరేనన్నాను. చెప్పలేదు.

ఒక ఆదివారం మా బావ షాపు మూసి, ముగ్గురు గిరాకీలను వెంటేసుకుని మ్యాచ్‌కి బయల్దేరాడు. నన్నూ లాక్కెళ్లాడు. మావాడు బయట బల్ల మీద నీళ్ల సీసాలకు కాపలా కూర్చున్నాడు. కెప్టెన్ చివర్లోనే దిగుతాడని మా బావ కొత్త నియమం కల్పించాడు. ఆట అయిదు నిమిషాల్లో ముగుస్తుందనగా ఒకడి చీలమండ బెణికింది. అప్పటికి జట్టు మూడు పాయింట్లు వెనకబడి ఉంది. వేరే దిక్కులేక కోచ్ దిండుగాణ్ణి పంపాడు.

ఎవరి పుణ్యమో గానీ, అవతలివాడి చేతిలోంచి జారిన బంతి వీడి చేతుల్లో పడింది. ఇక పరుగు. అరడజను మంది వెంటపడినా ఒక్కడూ అందుకోలేకపోయాడు. గీత దాటాక బంతిని నేలకు అదమాలి, అప్పుడే అయిదు పాయింట్లు. ఆ వెర్రివెధవ ఆనందం పట్టలేక బంతిని ఆకాశంలోకి విసిరేశాడు. రిఫరీ పాయింట్లు లేవన్నాడు. బోర్డు మీద అంకె మారలేదు. జట్టంతా తలలు పట్టుకుంటే, మా బావా ఆయన పరివారమూ ఒకటే చప్పట్లు. నేనూ కొట్టాను.

మర్నాటి నుంచి షాపులో ఆ పరుగు పూటపూటకీ పొడవైంది. శనివారానికల్లా అదే మ్యాచ్‌ని గెలిపించేసింది. ఆ సాయంత్రం మావాడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీలు రెండూ నిండి ఉన్నాయి, బెంచీ మీద ఇంకో నలుగురు.

"అది పాయింటు కాదు నాన్నా. నేను బంతి నేలకి ఆనించలేదు. నావల్లే ఓడిపోయాం. నేను కెప్టెన్ని కాదు, దిండు పట్టుకుంటాను."

ఒక్క మాటా మింగలేదు. వాణ్ణి చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

మా బావ నవ్వేసి, కుర్రాడు సిగ్గుపడుతున్నాడని గిరాకీలకు సర్దిచెప్పి, నావైపు తిరిగాడు. "నువ్వు చూశావుగా, చెప్పవోయ్."

వాడూ నావైపే చూశాడు. ఆ షాపు మా బావది. నేనుండే గదీ మా బావదే.

"ఎండ కళ్లలో పడింది బావా. సరిగా కనబడలేదు" అన్నాను.

వాడు గుమ్మం దిగి వెళ్లిపోయాడు. ఇప్పుడు జట్టులో నిజంగానే ఆడుతున్నాడు. చిన్నప్పటి నుంచి నా చేతికే తల వంచినవాడు, రెండు వీధుల అవతల ఇంకో షాపులో డబ్బులిచ్చి క్షవరం చేయించుకుంటున్నాడు.