పోచంపల్లి పనిలో పావు వాటా

బీరప్పది నల్లగొండలో మా పక్క సందు. ఇంటిమీద గానీ జాగామీద గానీ బ్యాంకు అప్పు ఇవ్వాలంటే ముందు దాని విలువ ఎంతో ఒకరు చూసి రాసివ్వాలి. ఆ రాసిచ్చే పని ఆయనది. వేల్యూయర్ అంటారు. సివిల్ డిప్లొమా చదివి కొన్నాళ్లు సాగర్ కాలువల మీద పనిచేసి, ఆ తరువాత ఇందులోకి వచ్చాడు. కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. బడిపంతులుగా రిటైరయ్యాక ఆ మనిషిని నేనే అయ్యాను.

ఏ ఊరికి వెళ్లినా ఆయన రేటు ముగ్గురిని అడిగేవాడు. ఈమధ్య అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి, కొనాలని వచ్చి కొనలేకపోయినవాణ్ణి. "అమ్మినోడు ఒకటి జెప్తడు, కొన్నోడు ఒకటి జెప్తడు. కొనబోయి ఎనుకకు మర్లినోనికి మాత్రం పైసతోని సహా యాదుంటది సార్," అనేవాడు. ఆ మూడో మనిషి కోసం ఎండలో గంటసేపు వెతికిన రోజులున్నాయి.

తెలంగాణ వచ్చాక, అందులోనూ కొత్త జిల్లాలు అయ్యాక, జాగాల ధరలు లేచాయి. అప్పులు అడిగేవాళ్లు పెరిగారు. ఒక్కరే చూడలేక వేల్యూయర్లు ఒకరి పని ఇంకొకరికి పంపుకునేవారు. పంపినవాడికి ఫీజులో పావు వాటా. అలా ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని వాళ్లు సంతకం పెట్టిన నియమాల కాగితంలోనే ఉంటుంది. అయినా ఎవరూ దాన్ని తప్పుగా చూడలేదు. బీరప్పా చూడలేదు. ఇచ్చాడు, పుచ్చుకున్నాడు. నేనూ పక్కన కూర్చుని విన్నాను, ఏమీ అనలేదు.

2019 ఎండాకాలంలో పోచంపల్లి నుంచి ఒక ఇంటి పని వచ్చింది. నేతపని చేసే అరుణమ్మ ఇల్లు. బీరప్ప ఆమెకు ఫోన్ చేసి ఫలానా రోజు వస్తానని చెప్పాడు. అంతలో హాలియాలో ఒక పెద్ద గోదాము పని తగిలింది. పోచంపల్లి పనిని మోత్కూరులో ఉండే సతీశ్‌కు పంపాడు. సతీశ్ కూడా అదే బ్యాంకు జాబితాలో ఉన్న వేల్యూయరే, వయసులో చిన్నవాడు. ఫీజు మూడువేలు. పావు వాటా ఏడువందల యాభై అదే సాయంత్రం బీరప్ప ఫోన్లో పడింది.

మూడు వారాల తరువాత మేము ఆయన వరండాలో చాయ్ తాగుతుంటే అరుణమ్మ ఫోన్ చేసింది. గట్టి గొంతు, నాకూ వినపడుతోంది.

"సారూ, నువ్వే గదా మొదలు వస్తనని ఫోన్ జేసినవు?"

"అవునమ్మా, నేనే."

"మరి రాకనే నా ఇల్లు కట్టుడు గాలేదని ఎట్ల రాసిన్రు? మా మామ కట్టిచ్చి నలభై ఏండ్లాయె. బ్యాంకు సారేమో ఇల్లు పూర్తిగ కట్టుకున్నంక రా అమ్మా అంటుండు. ఇంకెన్నడు కట్టాలె, సచ్చినంకనా?"

బీరప్ప గ్లాసు కింద పెట్టాడు. "రేపు పొద్దుగాల వస్తనమ్మా," అన్నాడు.

మరుసటి రోజు చౌటుప్పల్ మీదుగా వెళ్లాం. రెండు గదుల పాత ఇల్లు, బండల నేల, గట్టి గోడలు. పెద్ద గదిలో నేలలో మోకాళ్లలోతు గుంట, దానిమీద మగ్గం. నేసేవాళ్లు అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలి తొక్కే గుంట మగ్గం అది. పోచంపల్లిలో ఇంటింటా ఉండేదే. అరుణమ్మ లేవకుండా, కాళ్లు గుంటలోనే ఉంచి మాట్లాడింది.

"దీన్నే మీవోడు పునాది గుంట అనుకున్నడట. బ్యాంకుల కాయితం సదివి చెప్పిన్రు. నేల పూర్తి గాలేదు, ఉండతందుకు పనికిరాదు అని."

"ఆయన ఏ రోజు వచ్చిండమ్మా?"

"ఎవ్వలొచ్చిన్రు? ఫొటోలు పంపమన్నడు, మా బిడ్డ పంపింది."

కూతురు మమత ఫోన్ తెచ్చి చూపించింది. నేల బాగా కనపడాలని సతీశ్ అంటే, మగ్గం అడ్డం రాకుండా పక్కకు వంగి మరీ గుంటను తీసింది. ఆ ఫొటోలో నిజంగానే బండలు వేయకుండా వదిలేసిన నేలలా ఉంది.

అప్పు ఎందుకో అప్పుడు చెప్పింది. ఇంట్లో సగం మరిది మహేష్‌ది. అతను ఉప్పల్‌లో ఉంటాడు, తన భాగానికి ఆరు లక్షలు అడిగాడు. నెలాఖరు లోపల ఇవ్వకపోతే నడుమ గోడ పెట్టి తన సగం కిరాయికి ఇస్తానన్నాడు. గోడ పెడితే సరిగ్గా మగ్గం మీదుగా పోతుంది. ఇటుకలు అప్పటికే వాకిట్లో దింపి ఉన్నాయి.

"మగ్గం సగం నాకు, సగం మరిదికి పంచిస్తరా సారూ?" అని నవ్వింది. నవ్వు ఎక్కువసేపు ఆగలేదు. నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

బీరప్ప వాకిట్లోకి వచ్చి సతీశ్‌కు ఫోన్ చేశాడు.

"తమ్మీ, పోచంపల్లి పోయినవా పోలేదా? గంతే జెప్పు."

"పోలేదన్నా. పావు నీకిస్తి. మోత్కూరు నుంచి రానుపోను పెట్రోలు, ఒక పూట పని గాయబ్. నాకేం మిగుల్తది? నువ్వు నా జాగల ఉంటే పోతుంటివా?"

"రిపోర్టు తప్పని రాసియ్యి. మల్ల చూద్దాం."

"రాస్తే సూడకుంట రాసిన అని తెల్వదా అన్నా? జాబితలకెల్లి నా పేరు తీసేస్తరు. చిన్నపిల్లలున్నరన్నా. జర ఆలోచన జెయ్యి."

తిరిగి వచ్చేటప్పుడు చౌటుప్పల్‌లో ఆయన చాయ్ దుకాణం ముందు బండి ఆపి అన్నాడు: "గా ఏడువందల యాభై పెట్రోలు పైసలు సార్. నేనే తీస్కున్న."

ఇంటికి రాగానే బ్యాంకుకు ఉత్తరం రాసి, ఒకసారి చూడమని నాకిచ్చాడు. ఈ పని తనకు ఇచ్చారని, ఫీజులో పావు తీసుకుని దాన్ని ఇంకొకరికి పంపానని, ఇల్లు ఎవరూ చూడలేదని, గది నేల పూర్తయిందని, అందులో ఉన్నది మగ్గం గుంట అని, వెంటనే వేరొకరిని పంపమని. పావు మాట దగ్గర నేను ఆగాను.

"ఇది తీసేయొచ్చు గదా బీరప్పా. ఇల్లు చూడలేదన్నది చాలు, ఆమె పని అయిపోతుంది."

"తీసేస్తే తప్పు సతీశ్‌దొక్కనిదే అయితది సార్."

ఆయన భార్య పుల్లమ్మ గడపలో నిలబడి వింటోంది. "రాయి, రాయి. రేపటి సంది బియ్యం బ్యాంకోళ్లే తెచ్చిపోస్తరు," అంది. కానీ ఉత్తరం పెట్టడానికి కవరు తెచ్చిచ్చింది ఆమే.

బ్యాంకు భువనగిరి నుంచి నవనీత అనే వేల్యూయరును పంపింది. ఆమె ఇల్లంతా కొలిచి, మగ్గం ఉన్నదున్నట్టు రాసింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు అప్పు మంజూరైంది. అప్పటికి మహేష్ మేస్త్రీని తెచ్చి నేలమీద ముగ్గుపిండితో గీత కూడా వేయించాడట. డబ్బు చేతికందాక ఇటుకల ఖర్చు కూడా ఇవ్వమని పట్టుబట్టాడు. అరుణమ్మ అదీ ఇచ్చి, ఆ ఇటుకలతో పెరటి గోడ పెట్టించుకుంది.

బ్యాంకు జాబితా నుంచి ఇద్దరి పేర్లూ తీసేశారు. సతీశ్ మూడేళ్లు బీరప్పతో మాట్లాడలేదు. తరువాత వేరే బ్యాంకు జాబితాలో చేరాడు. ఒక పెళ్లిలో ఎదురుపడితే "బాగున్నవా అన్నా" అన్నాడు, అంతే. మిగతా వేల్యూయర్లు కూడా బీరప్పకు పనులు పంపడం మానేశారు. ఆయనకు పని పంపితే పావు ఇవ్వడు, ఉత్తరం మాత్రం రాస్తాడని వాళ్లలో ఒక నవ్వులాట. రెండేళ్లు ఇల్లు ఇరుకుగా గడిచింది. అన్నదమ్ముల పంపకాలకు జాగాలు కొలిచి, చిన్న ఇళ్లకు ప్లాన్లు గీసి నెట్టుకొచ్చాడు.

ఇప్పుడు ఒక సహకార బ్యాంకు పని ఇస్తోంది. మోకాళ్లు సహకరించనప్పుడు పని ఇంకొకరికి పంపుతాడు, ఫీజు మొత్తం వాళ్లదే. ఒక్కటే షరతు. ఆ ఇంట్లో నిలబడి ఫోన్ చేయాలి. మొన్న దేవరకొండ నుంచి ఒక కుర్ర వేల్యూయర్ చేశాడు.

"అన్నా, ఇంట్లనే ఉన్న. కొలుసుడు అయిపోయింది."

"మంచిది తమ్మీ," అన్నాడు బీరప్ప. "ఫోను ఇంటామెకియ్యి."