సబ్బుడబ్బాలో గాజులు

అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సులు ఇప్పటికీ పొద్దున్నే గాజువాకలో ఆగుతాయి. వాటిని చూస్తే నా చెయ్యి తనంతట తానే మణికట్టు మీదికి పోతుంది. ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది గానీ అలవాటు మాత్రం పోలేదు.

పెళ్ళయిన కొత్తలో ఓ మందుల కంపెనీలో, బిళ్ళల ప్యాకింగ్‌లో చేరాను. అక్కడ గాజులు వేసుకోకూడదు. ఇంట్లో గాజులు తియ్యకూడదు. మా అత్త లెక్కలో కోడలు బోసిచేతులతో తిరిగితే కొడుక్కి కీడు. ఆవిడకి తెలిసిందంటే ఉద్యోగం మాన్పించేస్తుంది. నాకేమో ఆ ఉద్యోగం ప్రాణం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. బస్సు కదలగానే పచ్చగాజులు తీసి సబ్బుడబ్బాలో దాచేదాన్ని. సాయంత్రం మా వీధి మలుపు రాకముందే మళ్ళీ తొడుక్కునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ దారి పొడుగునా సూపర్‌వైజరూ లేడు, అత్తా లేదు. కిటికీ పక్కన ఉత్తచేతులకి గాలి తగులుతుంటే కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. అంత హాయి మళ్ళీ నాకెక్కడా దొరకలేదు.

ఒకరోజు కంపెనీలో నా డబ్బా, నాలాగే గాజులు దాచుకునే పక్క లాకరమ్మాయి డబ్బా మారిపోయాయి. చూసుకునేసరికి ఆ పిల్ల ముందు స్టాపులోనే దిగిపోయింది. బోసిచేతులకంటే నయమని ఆమెవే వేసుకున్నాను. పొద్దున్న పచ్చగాజులతో వెళ్ళిన కోడలు సాయంత్రం ఎర్రగాజులతో ఇంటికొచ్చింది. వంకాయలు తరుగుతున్న అత్త ఒక్క చూపు చూసింది.

"ఏటే ఇది? ఎవుల గాజులే అవి?"

అప్పటికే అబద్ధాలాడి ఆడి విసుగెత్తి ఉన్నాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "గాజు పగిలి ముక్క బిళ్ళల్లో పడితే, మింగినోళ్ళ గతేటి అత్తా? అందుకే వద్దంటారు."

ఇక తిట్లే అనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి తన బీపీ బిళ్ళల అట్ట తెచ్చి, వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాను మింగతన్నయి మీ కంపినీవేనా?"

"ఏమో అత్తా. అవొచ్చు."

"అయితే తీసీ. మంచి రూలే. గానీ ఒలే, సబ్బెట్టి తియ్యి. పగలకూడదు."

ఆ మర్నాటి నుంచీ ఆవిడే పొద్దున్నే కుళాయి దగ్గర నా చేతులకి సబ్బు రాసి, ఒక్కొక్క గాజూ తీసి డబ్బాలో పెట్టేది. మా వీధిలోంచే బోసిచేతులతో నడిచి బస్సెక్కేదాన్ని. ఎవరైనా మూతి తిప్పితే, "డూటీకెల్తంది. వచ్చేక ఏసుకుంటాది," అని ఆవిడే నోరుమూయించేది.

కొన్నాళ్ళకి మావయ్య పోయారు. పదోనాడు ఆయన అక్క వచ్చి మా అత్త గాజులు పగలగొట్టబోయింది. అత్త రెండు చేతులూ నా ముందుకి చాపింది.

"పగలగొట్టక్కర్లేదు. ఇది తీస్తాది."

ఆ పెద్దావిడ నానా యాగీ చేసింది గానీ, అత్త చేతులు వెనక్కి తీసుకోలేదు. సబ్బు రాసి డజను గాజులూ తీశాను. ఒక్కటీ పగల్లేదు. వాటిని ఇంకో సబ్బుడబ్బాలో పెట్టి, మూత వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత ఎన్నో నెలలు ఆవిడ ఉత్తచేతులతోనే వండింది, వడ్డించింది, పొద్దున్నే నా గాజులు తీసింది. నా చేతుల కోసం ఆవిడ వీధందరి నోళ్ళూ మూయించింది. ఆవిడ చేతుల గురించి నేను మాత్రం ఒక్క మాటా అనలేదు. చుట్టాలేమంటారోనని భయం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని గాజులు తొడుక్కుంటున్నాను. అత్త ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"ఒలే, నీ సిఫ్టయ్యేక నీ గాజులు నువ్వేసుకుంతన్నావు. మరి నా సిఫ్టెప్పుడయిపోతాదే?"

లోపలికెళ్ళి ఆవిడ డబ్బా, సబ్బూ తెచ్చాను.