మగ్గం కాడ పలికే మనవరాలు

బడోళ్లు మా మగ్గం మనుషుల్ని తిట్టేదానికి తప్ప పిలిచింది లేదు, నా కొడుకు చదివే కాలం నుంచీ ఇంతే.

ఈ పొద్దు ధర్మవరంలో బడికి రమ్మంటే పోయినా. మూడో తరగతి చదివే నా మనవరాలు వాళ్లమ్మ చనిపోయినప్పట్నించి బడిలో నోరు తెరవదు. కౌన్సెలింగ్ మేడం ఎంత బుజ్జగించినా నా పంచె వెనకాల దాక్కునిందే గానీ పలకలేదు.

"ఇంట్లో మాట్లాడుతుందా తాతా?"

"మగ్గం కాడ వాళ్లమ్మ కూర్చునే తావులో కూర్చొని, నాకు దారం చుట్టిన కండెలు అందిస్తా అన్నీ చెప్తాది."

మేడం మొగం మారిపాయ. "చిన్నపిల్లతో పని చేయిస్తున్నారా?"

"పని కాదమ్మా. చేతిలో దారం కండె ఉంటేనే దానికి మాటొస్తాది. ఇంటికొచ్చి చూడు."

"పెద్దసార్‌ను అడగాలి, సోమవారంలోగా చెప్తా" అనింది.

నాది తప్పా, మీరే చెప్పండప్పా. మేడం మాత్రం వస్తాదో రాదో సోమారంలోగా చెప్పల్ల. వచ్చినా కండెలు పాపే అందిస్తాది, దాచేది లేదు.