మూర్తి అంకుల్ గారి పసుపు చేప

ఉన్న ఒక్క చేపనీ చూసుకోమంటే నేను రెండు చేపల్ని మాయం చేశాను. నవ్వనంటే చెప్తాను.

నోయిడాలో మా పై ఫ్లాట్‌లో మూర్తి అంకుల్ ఉంటారు. నేవీ నుంచి రిటైరయ్యారు. ఉప్పునీళ్ళ అక్వేరియంలో ఒకే ఒక్క పసుపు చేపని పిల్లలా పెంచుతున్నారు. మొన్న పెళ్ళికని వైజాగ్ వెళ్తూ తాళం నాకిచ్చి ఏవో జాగ్రత్తలు చెప్పారు. నేనేమో ఆఫీసు కాల్‌లో ఉండి, అన్నిటికీ "ఠీక్ హై అంకుల్" అన్నాను.

మొదటిరోజు పొద్దున్న మేత వేశాను. చక్కగా తింది. రెండోరోజు మీటింగ్ ఉండి సాయంత్రం వెళ్ళాను. ట్యాంకు లైటు ఆరిపోయి ఉంది. చేప లేదు. ఫోన్ టార్చ్ వేసి రాళ్ళ సందులన్నీ చూశాను. మా ఆయన రవిని పిలిస్తే, బయటికి దూకేసి ఉంటుందన్నాడు. ఇద్దరం సోఫా కింద పాకాం. దువ్వెన దొరికింది.

ఇక లాభం లేదని ఆటో ఎక్కి అక్వేరియం షాపుకి పరిగెత్తాం. అచ్చం అలాంటిదే కవర్లో తెచ్చి ట్యాంకులో వదిలాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి అదీ లేదు.

ఇంక దాచలేక మెసేజ్ పెట్టాను: "సారీ అంకుల్. మీ చేప ఇక లేదు. దాని బదులు తెచ్చిందీ లేదు."

పెళ్ళి భోజనాల మధ్య నుంచి ఫోన్ చేశారు.

"లైటు ఆరిందా అమ్మా?"

"ఆరింది అంకుల్."

"అయితే పడుకుంది. ఇసుకలో."

ట్యాంకు లైటు టైమర్ మీద రోజూ సాయంత్రం దానంతటదే ఆరిపోతుందట. ఒడ్డు దగ్గర రాళ్ళలో తిరిగే చేపట అది. చీకటి పడితే పెద్ద చేపలకి దొరక్కుండా ఇసుకలో దూరి నిద్రపోతుందట. బెదిరినా అంతేనట. ఇదంతా వెళ్ళేముందే నాకు చెప్పారట.

మర్నాడు లైటు వెలిగాక వెళ్ళి నించున్నాను. ఇసుక కదిలి ఒక పసుపు తల లేచింది. కాసేపటికి ఇంకోటి. నన్ను చూసి రెండూ మేత కోసం అద్దం దగ్గరికి వచ్చాయి.

అంకుల్ తిరిగొచ్చారు. పది రోజులకే మళ్ళీ ఊరెళ్ళాల్సి వచ్చింది. ఈసారి తాళం వాచ్‌మన్ భయ్యాకిచ్చి, నాకు మనీప్లాంట్ కుండీ తెచ్చి ఇచ్చారు.

"ఇదైతే ఎక్కడికీ పోదమ్మా," అన్నారు.