బల్ల మీద పెట్టిన పదిహేను బొమ్మలు

కోత పండుగనాడు మా చర్చి సంఘంలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని బల్ల దగ్గర పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. తార్నాకలో అద్దె గదిలో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకునే నాకు పండేదేముంది? ఆ ఏడు పదిహేను కాగితాలు తీసుకెళ్లి, గుమ్మడికాయలకూ కాళ్లు కట్టేసిన కోడికీ మధ్య పెట్టాను. "ప్రభువా, ఇవి నీవి" అని మోకరించి చెప్పాను. నకలు కూడా ఉంచుకోలేదు. ఉంచుకుంటే ఆయన దగ్గర దాచినట్టవుతుందని భయం.

ఆ కాగితాల్లో ఉన్నది ఒక పిల్ల, ఆమె మేక. యూనివర్సిటీలో చదివే రోజుల్లో హాస్టళ్ల వెనక బండరాళ్ల మీద మేకలు కాసేవాళ్లను చూసి చూసి కల్పించుకున్న పిల్ల. నల్లటిది. తెగిన చెప్పుకు పిన్నీసు. మేకకు ఒక చెవి సగమే. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. ఏడిస్తే ఎలా ఉంటుంది, అబద్ధమాడితే ఎలా ఉంటుంది. ఆ పిల్ల నాకు పూర్తిగా తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

"కోడినైతే కోస్కతింటం, గీ బొమ్మల్నేం చేస్కుంటం సార్?" అని వేలం వేస్తున్నాయన్ను వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి మా సంఘ కార్యదర్శే పాడుకున్నారు. సండే స్కూలు గోడకు పెడతారనుకున్నాను.

వేసవి బైబిలు బడి నాటికి ఆ పిల్ల అక్కడి పిల్లలకిచ్చే సంచుల మీదికి ఎక్కింది. తెల్లగా ఉంది. చెప్పులు కొత్తవి. మేక రెండు నిండు చెవుల గొర్రెపిల్ల అయింది. సంచులు కార్యదర్శి అల్లుడి ప్రెస్సులో అచ్చయ్యాయి. వేరే సంఘాలకూ అమ్ముతున్నారట. ఆ బడిలో నేను పాఠం చెప్పే తరగతిలో బోర్డు మీద నా పిల్లను గీస్తే, ముందు వరుసలో ఒక పాప సంచి ఎత్తి చూపించింది.

"టీచరక్కా, నీకు మంచిగ రాలే. గీమె తెల్లగుంటది, చూడు."

చర్చి మెట్ల మీద కార్యదర్శిని ఆపి అడిగాను.

"గిదేందమ్మా? దేవునికిచ్చినంక గది నీదెట్లయితది? వాక్యం చెప్పేదానివి, నీకు నేను చెప్పాల్నా?"

"రంగెందుకు మార్చిన్రు సార్?"

"నల్లగుంటే ఎవలు కొంటరు?"

తర్వాతి ఆదివారం ఆయనే ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. "స్కాన్ చేస్కున్నం. ఇంట్ల జాగ లేదు, నువ్వే ఉంచుకో."

అప్పటికే, ఆ బొమ్మలను నేను చర్చికి ఇవ్వకముందు చూసిన ఒక సంపాదకురాలు ఆ పిల్లతో పుస్తకాలు వేద్దామని అడుగుతోంది. కాగితాలు నా చేతికి వచ్చాయి గానీ, నావి కావు. కార్యదర్శివీ కావు, దేవునివి. మొక్కుకున్నదాన్ని విడిపించుకునే దారి బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది. యాజకుడు, మాకైతే పాస్టరు, విలువ కట్టాలి. ఆ విలువకు అయిదవ వంతు కలిపి చెల్లించాలి. విలువ ఎంతైనా పని చేసి కడతాను, పై వంతు మాత్రం బొమ్మలుగానే ఇస్తాననుకున్నాను. పదిహేనుకు మూడు. క్యాంపస్‌కు వెళ్లి ఆ బండరాళ్ల మీదే కూర్చుని మూడు కొత్తవి వేశాను. అన్నీ పట్టుకుని పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్లాను.

ఆయన చాయ్ తాగుతూ ఒక్కొక్కటీ తిరగేశారు. "మంచిగున్నయమ్మా."

"విలువ కట్టండి అయ్యగారూ. మొక్కుకున్నవి."

ఆయన నవ్వారు. "కాగితాలకేం విలువ కడ్తం తల్లీ? ఊకెనే తీస్కపో. గదంత పాత నిబంధన సంగతి. మనకిప్పుడు కృపనే కదా."

సంపాదనలో పదో వంతు చర్చికివ్వాలనే దశమభాగం కూడా పాత నిబంధన సంగతే. దాన్ని మాత్రం ఆయన ప్రతి ఆదివారం గుర్తు చేస్తారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వందనాలు చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి సంపాదకురాలికి సరేనని రాశాను. పిల్ల రంగు మార్చకూడదు, మేక చెవి అతికించకూడదు అని షరతు పెట్టాను. పదిహేనూ పంపాను. విలువే కట్టలేదు గనక, పై వంతుగా వేసిన మూడు నా బైబిలులోనే ఉన్నాయి. ప్రతి ఆదివారం కానుకల సంచి నా వరసకు వచ్చినప్పుడు చేయి వాటి మీదికి పోతుంది. ఏమీ వేయకుండా సంచి పక్కావిడకు అందిస్తాను.