జగిత్యాల రోడ్డు మీద కంప్యూటర్ పంచాయితీ

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో మా కోరుట్లలో బస్సు ఆగడం మామూలు, కదిలితేనే వింత. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. నేను కొత్త కోడలిని, బీడీలు చుట్టేదాన్ని. మా ఆయన సిరిసిల్లలో మగ్గం నడిపేవాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. కంప్యూటర్ సర్టిఫికెట్ పరీక్ష పాసైతే జగిత్యాలలో కూర్చుని చేసే కొలువిస్తానని ఒక సేటు మాటిచ్చాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన పాఠాలు నాకు అప్పజెప్పేవాడు. నేను బీడీ ఆకు కత్తిరిస్తూ ఊ కొట్టేదాన్ని. (చదివింది ఐదో తరగతి. ఊ కొట్టడానికి అది చాలు.)

పరీక్ష నాడే బంద్. "ఎనుక ఆడిమనిషి ఉంటె ఆపరు, ఎక్కవే" అని నన్ను బండెక్కించాడు. ఊరు దాటగానే ఉద్యమం వాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. దవాఖానకని చెప్పమని గిల్లాను. ఆయనకు అబద్ధం రాదాయె.

"పరీక్షకు పోతున్న కాకా."

"బంద్ నాడు ఏం పరీక్షరా?" అన్నాడు గంటె తిప్పుతున్న పెద్దాయన.

"ఓపెన్ సోర్స్ లైసెన్స్ కాకా. కొన్ని ప్రోగ్రాములు ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పదిమందికి ఇస్తె, ఏం మార్చినవో గది గూడ దాచకుంట ఇయ్యాలె."

"గదీ న్యాయం! నీళ్లు గూడ గట్లనే పంచుమంటున్నం. దారియ్యుండ్రిరా!"

అక్కడితో బండి తీస్తే అయిపోయేది. "ఇంకోటున్నది కాకా, వర్చువలైజేషన్. డబ్బా ఒక్కటే. లోపట నాలుగు కంప్యూటర్లు. దేనికదే వేరే అనుకుంటది. పెత్తనం మాత్రం ఒక్కదానిదే."

గంటె ఆగింది. "అంటే? లోపట వేరు, బయట అందరం ఒక్కటే ఉండాల్నా?"

"పెత్తనం ఎవనిది?" అని అరిచాడొక కుర్రాడు. "గా డబ్బా మాకొద్దు! మా కంప్యూటర్ మాకు గావాలె!"

"నాది కాదన్నా, పుస్తకంల ఉన్నది..."

"ఏ ఊరోడు రాసిండు గా పుస్తకం?"

బండి తాళం లాక్కున్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మాకు అన్నం పెట్టి, వాళ్లు తిని, అప్పుడు తాళమిచ్చారు. మేం చేరేసరికి జగిత్యాలలో పరీక్ష గది తలుపులు మూసేశారు. సేటు వేరేవాణ్ని పెట్టుకున్నాడు. మా ఆయన మళ్లీ మగ్గానికే పోయాడు.

తెలంగాణ వచ్చిననాడు ఊరంతా రంగులు చల్లుకుంది. ఆయన గడపలో నిలబడి దగ్గుతూనే నవ్వాడు. "అచ్చిందే" అన్నాడు. మనకేమొచ్చిందని నేను అడగలేదు.

ఆ రోజు రోడ్డు మీద నవ్విన ఆ కొత్త కోడలు ఇప్పుడు నాకు కనబడితే తిట్టను, నవ్వుకోనిస్తాను. ఆ ఇంట్లో తర్వాత అంత నవ్వు లేదు.

మీ ఇంట్లోంచి పరీక్షకు బయల్దేరినవాళ్లు వేళకు చేరాలి. మీ ఇల్లు చల్లగుండాలి.